గొళ్ళెం మేడం

“…తలుపు వేశాక బయటున్న వాళ్ళకి హాజరు లేదని మీరు పెట్టిన రూలే కదమ్మా. ఇప్పుడు మీరే కాదంటే ఎలా?”

“కాదనలేదు సార్. సాయంత్రం దాకా ఆగుదామన్నాను.”

“ఆగితే హాజరు పెరుగుతుందా? అరవై నాలుగు క్లాసులకి ఇరవై మూడు. ఒకరికి సందిస్తే ఊరంతా దూరుతుంది. నాలుగింటికి జాబితా పైకి పోవాలి. సంతకం పెడితే మీకూ నాకూ తలనొప్పి వదులుతుంది.”

స్టాటిస్టిక్స్ విభాగం గది బయట టీ గ్లాసులతో నిలబడ్డ అటెండరు ఇంతవరకు విని, ఇక వింటే బాగుండదని దగ్గి లోపలికి వెళ్ళాడు. హెడ్డుగారు గ్లాసు అందుకున్నారు. ఎదురుగా కూర్చున్న లెక్చరరు వద్దన్నట్టు చెయ్యూపి, కాగితం తీసుకుని బయటికొచ్చింది. హాజరు చాలక పరీక్ష రాయకూడని వాళ్ళ జాబితా అది. అందులో ఒక్క నంబరే ఉంది, పదిహేడు. పరీక్ష పోతే ఆ అమ్మాయికి ఏడాది పోతుంది.

ఆవిడను కాలేజీలో గొళ్ళెం మేడం అంటారు. ఇరవై రెండేళ్ళుగా, గంట కొట్టిన ఐదు నిమిషాలకు చెప్పేది ఆపి, నడిచి వెళ్ళి, తలుపు మూసి పైన ఇనప గొళ్ళెం పెడుతుంది. ఆ చప్పుడు వరండా చివరిదాకా వినిపిస్తుంది. కాలేజీ గడియారం తప్పినా మేడం గొళ్ళెం తప్పదని అటెండరు అంటుంటాడు. ఆవిడ చెడ్డది కాదు. మధ్యలో ఎవరైనా తలుపు తోసుకొస్తే చెబుతున్న లెక్క చేజారిపోతుంది. దాన్ని మళ్ళీ పట్టుకోవడానికి ఏటేటా ఎక్కువసేపు పడుతోంది.

పదిహేడో నంబరు అమ్మాయి ఆలస్యంగా వచ్చే రకం కాదు. అందరికంటే ముందే వచ్చి తలుపు పక్క బల్ల మీద కూర్చునేది. ఆవిడ తలుపు వైపు నడవగానే నోటుబుక్కు తీసుకుని బయటికి జారుకునేది. హాజరు పిలిచేది గొళ్ళెం పెట్టాకే. పొగరనుకుంది ఆవిడ మొదట్లో. తర్వాత ఆ అనుకోవడం కూడా మానేసింది. నూటముప్ఫై మందిలో ఎంతమంది గురించి అనుకోగలదు?

స్టాఫ్ రూములో కూర్చుని రిజిస్టరు తెరిచింది. మొదటి ఇరవై మూడు క్లాసులకూ అమ్మాయి వరసగా హాజరు. ఇరవై నాలుగు నుంచి ఒక్కటీ లేదు. ఆ తేదీ చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వానలకు ఉబ్బి గొళ్ళెం పడని తలుపును వడ్రంగి వచ్చి చిత్రిక పట్టింది దానికి ముందురోజే. కబురు పెట్టి పిలిపించింది తనే.

అమ్మాయి వరండా పక్క మెట్ల దగ్గర దొరికింది.

“క్లాసు మానేసి ఎక్కడికెళ్తావు?”

“ఎక్కడికీ వెళ్ళను మేడం. ఇక్కడే.” కింది నుంచి మూడో మెట్టు చూపించింది. దాని పైనే క్లాసు కిటికీ.

“లోపల కూర్చుంటే ఏం?”

“గొళ్ళెం పడ్డాక మీ మాటలు వినబడవు మేడం. పెదాలు కదలడమే కనిపిస్తుంది. ఇక్కడైతే అన్నీ వినబడతాయి.”

“ముందే చెప్పొచ్చుగా?”

“ఏమని చెప్పను మేడం?”

ఎందుకలా అని అడగబోయింది. అమ్మాయి వేళ్ళు నోటుబుక్కు మూలను మడుస్తున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ మడుస్తున్నాయి. అడగలేదు. పుస్తకం మాత్రం ఇమ్మంది.

నలభై ఒక్క తేదీలున్నాయి అందులో. ఆవిడ బోర్డు మీద బొమ్మ గీసిన ప్రతిచోటా ఖాళీ గడి, పక్కన ‘బొమ్మ, కనబడలేదు’ అని. ఒకచోట ‘మేడం దగ్గారు, ఒక వాక్యం పోయింది’. ఒక రోజు ఆవిడ పన్నెండుతో భాగించమని చెప్పి, పావుగంట తర్వాత నాలిక్కరుచుకుని, కాదు పదకొండుతో అంది. నోటుబుక్కులో పన్నెండు కొట్టేసి పైన పదకొండు వేసి ఉంది. లోపల కూర్చున్న వాళ్ళలో ఎంతమంది ఆ దిద్దుబాటు రాసుకున్నారో ఆవిడకు తెలుసు. నెలవారీ టెస్టు పేపర్లు దిద్దింది తనే కదా.

ఇల్లు కాలేజీకి పది నిమిషాల నడక. మోకాళ్ళు పట్టేసి ఆవేళ పావుగంట పట్టింది. ముందు గదిలో తమ్ముడు మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు.

ఆ ఇంట్లో ఏ తలుపుకూ గొళ్ళెం లేదు. అన్నీ వాడే ఊడదీశాడు. స్నానానికెళ్తే బకెట్ అడ్డం పెట్టుకుని, లోపల మనిషున్నట్టు తెలిసేలా పాట పాడుకోవాలి. పాట రాని పెద్దబావగారు ఒకసారి పందొమ్మిదో ఎక్కం దాకా చదివారు. ఏడో తరగతిలో కుదురుగా కూర్చోడంలేదని డ్రిల్లు మాస్టారు వాణ్ణి సామాన్ల గదిలో పెట్టి, గొళ్ళెం వేసి, మర్చిపోయాడు. సాయంత్రం ఊడ్చే ఆవిడ వచ్చి తీసింది. వాడు మళ్ళీ బడికి పోలేదు. ఇంట్లో అందరూ మొద్దన్నారు, బద్ధకమన్నారు. అక్క కూడా అంది. ఇప్పుడు వాడి గదిలోకి వెళ్ళేముందు రెండుసార్లు తలుపు తడుతుంది. తట్టే ఆ చేత్తోనే కాలేజీలో రోజుకు నాలుగుసార్లు గొళ్ళెం పెడుతుంది.

“ఇదేం వేళక్కా? ఒంట్లో బాలేదా?”

“నీ స్క్రూడ్రైవరు ఓసారి ఇవ్వు.”

“దేనికి?”

“క్లాసు గొళ్ళెం తియ్యాలి.”

వాడు తీగ చుట్టడం ఆపాడు. డబ్బాలో వెతికి తీశాడు.

“పాతదై ఉంటుంది. ముందు నూనె చుక్క వెయ్యి. బలం పెట్టి తిప్పావో, తల అరిగిపోతుంది.”

“నా తల ఎప్పుడో అరిగిందిలేరా.”

“నేనన్నది స్క్రూ గురించి. నీ సంగతి ఊరందరికీ తెలుసు.”

నాలుగింటికి పది నిమిషాలుండగా హెడ్డుగారి బల్ల మీద కాగితాలు పెట్టింది. జాబితా మీద సంతకం లేదు. దాని కింద ఆవిడ చేత్తో రాసిన ఉత్తరం మీద ఉంది. నలభై ఒక్క రోజులూ విద్యార్థిని పాఠం విన్నదని, హాజరు వేయకపోవడం తన పొరపాటని, ఆధారంగా నోటుబుక్కు జతచేస్తున్నానని.

హెడ్డుగారు రెండుసార్లు చదివారు.

“మెట్ల మీద కూర్చుంటే హాజరా అమ్మా? పైవాళ్ళు మిమ్మల్నే అడుగుతారు. ఇన్నేళ్ళలో ఒక్క మెమో లేదు మీకు.”

“తెలుసు సార్.”

“రేపు ప్రతివాడూ మేమూ మెట్ల మీదే ఉన్నామంటాడు.”

“అననివ్వండి. నోట్సు చూస్తాను.”

చేతిసంచీలోంచి జేబురుమాలు మూట తీసి బల్ల మీద విప్పింది. గొళ్ళెం, ఆరు స్క్రూలు. చేతికి నూనె అంటింది.

“ఇది స్టోరుకి పంపించండి. రేపటి నుంచి తలుపు తెరిచే ఉంచి పాఠం చెబుతాను. పదిహేడో నంబరు పరీక్ష రాస్తుంది.”