పరీక్ష కళ్లు

లెక్కల పరీక్ష దగ్గరపడిందని ఆ వీధిలో అందరికంటే ముందు తెలిసేది కళ్లజోళ్ల షాపాయనకే. ఆయనకు ఎవరూ టైంటేబుల్ చూపించక్కర్లేదు. తలలు పట్టుకున్న పిల్లలు, ఆ పిల్లల రెక్కలు పట్టుకున్న తల్లులు వరసగా షాపు మెట్లెక్కడం మొదలుపెడితే చాలు, లెక్కల పరీక్ష వచ్చేసిందన్నమాటే. సోషల్ పరీక్షకు ఒక్కరి కళ్లూ మసకబారవు. సైన్సుకు ఒకరో ఇద్దరో. లెక్కలకు మాత్రం క్లాసుకు క్లాసే గుడ్డిదైపోతుంది.

"అంకెలు అలుక్కుపోతున్నాయి బాబాయ్" అంటాడొకడు. "బోర్డు మీద అంతా తెల్లగా కనిపిస్తోంది" అంటుంది ఇంకో పిల్ల. ఆయన అన్నీ విని బుద్ధిగా తలూపుతాడు. ఈ జబ్బుకు పేరు పెట్టింది కూడా ఆయనే. పరీక్ష కళ్లు!

మందు కూడా ఆయన దగ్గరే ఉంది. అద్దాలు మార్చి మార్చి చూసే బరువైన ట్రయల్ ఫ్రేమ్ ఒకటుంటుంది కదా, గుండ్రంగా, ఇనుముతో, పెట్టుకున్నవాడు గుడ్లగూబలా కనిపించేది. దాన్ని పిల్లవాడి ముక్కు మీద కూర్చోబెడతాడు. పెట్టెలోంచి ఒక గాజు బిళ్ల తీసి, నోటి ఆవిరి పట్టించి, గుడ్డతో తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, నానా హంగామా చేసి అందులో దోపుతాడు. "ఇప్పుడెలా ఉంది నాయనా?"

"అబ్బ, ఇప్పుడు భలే కనిపిస్తోంది బాబాయ్!"

"కనిపించకేం! అది ఉత్త గాజు ముక్క. పో, పోయి లెక్కలు చేసుకో."

తల్లి పకపకా నవ్వుతుంది. పిల్లవాడి మొహం కందగడ్డలా అయిపోతుంది. షాపులో ఉన్నవాళ్లందరికీ ఆ పూటకు కాలక్షేపం. ఆయనైతే ఈ కథ చెప్పీ చెప్పీ ఎన్నేళ్లయినా విసుగు పడడు.

మనిషి మంచివాడే. మేనమామ దగ్గర అద్దాలు అరగదీయడం నేర్చుకుని, ఆ మేనమామ పోయాక షాపును ఒంటిచేత్తో లాక్కొస్తున్నాడు. పని దగ్గర వంక పెట్టనివ్వడు. కానీ తనకు తెలుసనుకున్నది తెలుసంతే, ఇంక ఎవరు చెప్పినా చెవికెక్కదు. దానికి తోడు ఆయనకు ఒక గొప్ప ఉంది. ఆ గొప్ప పేరు పిచ్చుక, అంటే ఆయన కూతురు.

తల్లి ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుంటే, పిల్ల షాపులోనే పెరిగింది. కాళ్లు నేలకందని ఎత్తు స్టూలు మీద కూర్చుని రోజంతా కిచకిచలాడేది కాబట్టి ఆ పేరు. అక్షరాలు కూడా బడిలో నేర్వలేదు. ఎదురుగా గోడ మీద కళ్లు పరీక్షించే చార్టు వేలాడుతుంటుంది కదా, పైన పెద్ద అక్షరం, కిందికొచ్చేకొద్దీ చిన్నవి, దానిమీదే నేర్చేసుకుంది. కింద చీమల బారులా ఉండే ఆఖరి వరస, దానికింద ఇంకా సన్నగా అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా గడగడా చదివేసేది. ఆయన ఛాతీ అప్పుడు ఉబ్బింది, ఇంక తగ్గలేదు. ఎవరైనా కళ్లు సరిగా ఆనడం లేదని సణిగితే చాలు, "ఏదీ పిచ్చుకా, చదువమ్మా" అనేవాడు. పిచ్చుక చదివేది. "చూశారా? కళ్లంటే అవీ!"

ఇప్పుడు పిచ్చుక తొమ్మిదో క్లాసు. అన్నిటిలోనూ బాగానే వస్తుంది, ఒక్క లెక్కల్లోనే బోల్తా. అర్ధసంవత్సరం పరీక్షలో తప్పింది. ఈసారీ తప్పితే మళ్లీ అదే క్లాసులో కూర్చోవాలని స్కూలు నుంచి కబురొచ్చింది. అప్పటినుంచి సాయంత్రం షాపులో బేరాలు ఉన్నా లేకపోయినా, కౌంటరు ముందు కూర్చోబెట్టి ఆయనే లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడే ఆయనకు పిచ్చెక్కిపోయేది. నోటితో అడిగితే టకటకా చెప్పేస్తుంది. అదే లెక్క పుస్తకంలోంచి చెయ్యమంటే జవాబు ఎక్కడో అడవిలో తేలుతుంది.

"నోటితో వస్తుంది, కాగితం మీద రాదా? నాతో ఆటలా? మొద్దు మొహమా!" అని బల్ల మీద కొట్టేవాడు. పిల్ల కళ్లు నులుముకుంటూ మళ్లీ మొదటినుంచి చేసేది.

"దానికి రోజూ తలనొప్పట, సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతోంది, ఓసారి చూడరాదూ?" అని భార్య అంది ఒకరోజు.

"దాని కళ్లా? నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడాయన. అక్కడితో సరి.

తెల్లవారితే లెక్కల పరీక్ష. ఆ ముందురోజు పొద్దున్నే అద్దాల కంపెనీ సేల్స్‌మన్ ఒక కొత్త చార్టు ఇచ్చిపోయాడు. పాతది అంచులు పసుపెక్కి చుట్టలు చుట్టుకుపోతోంది. ఆయన దాన్ని తీసి బీరువా వెనక్కి నెట్టి, అదే మేకుకు కొత్తది తగిలించి, ఇంక ఆ సంగతి మర్చిపోయాడు. ఆపైన ఆ రోజంతా పరీక్ష కళ్ల గిరాకీయే. ఒక అన్నాచెల్లెళ్లను ఉత్త గాజుతో అప్పుడే నవ్వించి పంపించాడు కూడా.

సాయంత్రం పిచ్చుక, దాని స్నేహితురాళ్లిద్దరూ కౌంటరు మీద పుస్తకాలు పరుచుకున్నారు. ఒకతె కళ్లు మూసుకుని సూత్రాలు వల్లిస్తోంది, ఒకటి చెప్పగానే అంతకుముందుది మర్చిపోతోంది. రెండోదానికి గోళ్లన్నీ అయిపోయాయి, వేళ్లు కొరుకుతోంది. "నాకేమీ గుర్తులేదే, రేపు చచ్చానే!" అని మధ్యమధ్యలో శోకాలు. పక్కన మందుల షాపాయన కళ్లజోడు మర బిగించుకోవడానికొచ్చి కూర్చుని ఈ తమాషా చూస్తున్నాడు.

షాపాయన చేతిలో మర బిగిస్తూనే కూతురి కాగితంలోకి తొంగిచూశాడు. ఒళ్లు మండిపోయింది.

"ఇదేమిటే? పుస్తకంలో ప్లస్ అయిదు అనుంటే, నువ్వు పదిహేనని వేశావేం? ప్లస్ ఏమైంది?"

"అక్కడ ఒకటి ఉంది నాన్నా."

"ఒకటి ఉందా! మరి ఈ మైనస్సు?"

పిచ్చుక పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, తల పక్కకు వంచింది. "ఎక్కడ మైనస్సు?" అంది. తర్వాత చాలా మెల్లగా, "నాకు అంకెలు సరిగ్గా కనిపించట్లేదు నాన్నా" అంది.

ఆయన పెద్దగా నవ్వేశాడు. కోపంలో వచ్చే నవ్వు అది. "విన్నారా? వీధివీధంతా తిరిగి తిరిగి పరీక్ష కళ్లు చివరికి నా కొంపకే వచ్చాయి! ఎక్కవే స్టూలు. అందరూ వినేలా చదువు. ఆ తర్వాత నోరు మూసుకుని లెక్కలు చెయ్యి."

పిచ్చుక స్టూలెక్కింది. పైనున్న పెద్ద అక్షరం చదివింది. రెండో వరస, మూడో వరస, ఆగకుండా చదువుకుంటూ పోయింది. ఆయన తలెత్తలేదు. ఏళ్లుగా వింటున్న పాట, ఎక్కడ ఏ అక్షరం వస్తుందో ఆయనకూ కంఠతా వచ్చు. మర తిప్పుతూ తలూపుతున్నాడు. ఇంతలో స్నేహితురాళ్లు కిసుక్కుమన్నారు.

"ఏమిటే ఆ నవ్వు?"

"అది తప్పు చదువుతోంది బాబాయ్. అక్కడ ఆ అక్షరాలు లేవు."

ఆయన తలెత్తి గోడకేసి చూశాడు. గోడ మీద కొత్త చార్టు ఉంది. పైనున్న పెద్ద అక్షరం తప్ప పాతదానితో ఒక్క వరసా కలవదు. పిచ్చుక మాత్రం అటే చూస్తూ, ఒక్క తప్పూ లేకుండా, పాత చార్టు చదువుతోంది. ఆఖరి వరస అయ్యింది. దానికింద ప్రెస్సు పేరు కూడా చదివింది. కొత్త చార్టులో ఆ చోట ఖాళీ తెల్లకాగితం.

ఆయన చేతిలోంచి మర జారి ఎక్కడో పడింది. లేచి గోడ దగ్గరికి వెళ్లి, మూడో వరసలో మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటమ్మా?"

"న" అంది పిచ్చుక. అక్కడున్నది 'క'.

ఆయన వేలు కిందికి జారి తెల్లకాగితం మీద ఆగింది. "ఇక్కడ?"

"ప్రెస్సు పేరు నాన్నా" అంది. అప్పుడుగానీ దానికి వాళ్ల నాన్న మొహం ఎటో అయిపోయిందని తెలియలేదు. "ఏం? తప్పా?"

ఆయన అక్కడే గోడకు చేరగిలబడిపోయాడు. ఊళ్లోవాళ్ల కళ్లన్నీ తన చేతిమీదుగా బాగుపడ్డాయి, తన పిల్ల తన ఎదురుగానే కూర్చుని చూపు పోగొట్టుకుంది. "ఎంత పని జరిగిపోయిందిరా దేవుడా" అని పైకే అన్నాడు. మందుల షాపాయన నోరు తెరిచినవాడు మూయలేదు.

"ఎప్పటినుంచి తల్లీ?"

"ఏమో నాన్నా. ఆరో క్లాసు అప్పుడు కొంచెం. ఆ తర్వాత ఎక్కువైంది."

"ఆరో క్లాసా! మరి చెప్పొద్దా నాకు?"

"నువ్వు అందరికీ చెప్తావుగా, మా పిచ్చుక కళ్లు చూడండి అని. నేను చదివితే నీ మొహం వెలిగిపోతుంది." పిల్ల తల దించుకుంది. "చెప్పాలనే అనుకున్నాను. నాక్కూడా ఉత్త గాజు పెట్టి నవ్వుతావేమోనని భయమేసింది."

ఆ మాటకు ఆయన చెంప పగిలినట్టయింది. లేచి ట్రయల్ ఫ్రేమ్ తెచ్చాడు. గడియారం ముళ్లలా అన్నివైపులా గీతలు గీసిన అట్ట ఒకటుంటుంది, దాన్ని ఎదురుగా పెట్టాడు. "ఏ గీతలు కనిపిస్తున్నాయి?"

"నిలువువి నల్లగా ఉన్నాయి. అడ్డంగా ఏమీ లేవు కదా?"

అడ్డగీతలు లేవు! ప్లస్సులో అడ్డగీత పోతే మిగిలేది ఒకటి. మైనస్సు పోతే ఏమీ మిగలదు. మిగతా పాఠాల్లో అక్షరం పోయినా పక్కదాన్ని బట్టి ఊహించుకోవచ్చు, లెక్కల్లో ఊహించుకోవడానికి ఏముంటుంది? బల్ల మీద కొట్టిన దెబ్బలన్నీ, మొద్దు అన్న మాటలన్నీ ఒక్కసారిగా ఆయన మీదే వచ్చి పడ్డాయి. ఇలాంటి కళ్లకు వేసేదాన్ని వాళ్ల పనిలో సిలిండర్ అద్దం అంటారు, ఏ పక్కకు గీతలు చెదిరిపోతాయో ఆ పక్కకు తిప్పి బిగించాలి. బిళ్ల మీద బిళ్ల మారుస్తూ, సన్నగా తిప్పుతూ పోయాడు. పిచ్చుక ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టింది.

అది చార్టు చూడటం లేదు, వాళ్ల నాన్న మొహం చూస్తోంది. మెల్లగా చెయ్యి చాచి ఆయన నుదుటిమీద వేలితో అడ్డంగా రాసింది.

"నీకు ఇక్కడ ఇన్ని గీతలున్నాయా నాన్నా? ఎప్పుడొచ్చాయి?"

అంతే, ఆయన అందరిముందూ భోరుమన్నాడు.

ఏడుస్తూ కూర్చుంటే పరీక్ష ఆగదు. అలాంటి అద్దం షాపులో ఉండదు, కంపెనీ నుంచి తెప్పించాలి, ఎంత తొందరపెట్టినా రేపటికి రాదు. ఎక్కడికో ఫోన్ చేశాడు, బతిమాలాడు, లాభం లేదు. పిచ్చుక మాత్రం ఫ్రేమ్ తియ్యకుండానే పుస్తకం ముందు కూర్చుంది. "ఏయ్, ఇక్కడ మైనస్సు ఉందే! ఇక్కడా ఉంది!" అని ఒకటే గోల. స్నేహితురాళ్లు లెక్క తర్వాత లెక్క ఇస్తూ పోయారు. సగానికి సగం సరిగ్గా వచ్చాయి, కొన్నిటికి తల గోక్కుంది. అయినా ఆ సాయంత్రం ఆయనకు ఏ తప్పు మీదా కోపం రాలేదు.

"నేను దీంతోనే వెళ్తాను నాన్నా" అంది షాపు మూసేటప్పుడు.

"అది పెట్టుకుని స్కూలుకా? అందరూ నవ్వుతారే!"

"నవ్వనీ. వాళ్ల మొహాలు నాకూ కనిపిస్తాయిగా."

పొద్దున్నే తండ్రీకూతుళ్లు బయల్దేరారు. ఇనప ఫ్రేము జారిపోకుండా తల్లి వెనకనుంచి మెత్తటి నాడా కుట్టి కట్టింది. స్కూలు గేటు దగ్గర పిల్లలంతా చదువుకుంటున్న పుస్తకాలు వదిలేసి నోళ్లు వెళ్లబెట్టారు. లెక్కల టీచరమ్మ ఎదురొచ్చి, "ఇదేం వేషం?" అంది. ఆయన చేతులు జోడించి ఉన్నదంతా చెప్పాడు. ఆమె మొహంలో రంగు మారింది. "నేను దీన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టానండీ" అని, పిల్ల భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లింది.

వాళ్ల వెనకే నిన్న ఉత్త గాజుతో పంపించేసిన అన్నాచెల్లెళ్లు కనిపించారు. ఆయనను చూసి సిగ్గుపడి తప్పుకోబోతుంటే, "ఆగండమ్మా" అని ఆయనే పరుగెత్తాడు. "పరీక్ష కాగానే షాపుకు రండి. మళ్లీ చూస్తాను. ఈసారి నవ్వను, ఒట్టు!"

పరీక్ష జరిగినంతసేపూ ఆయన షాపు తియ్యలేదు. గేటు ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. గంట కొట్టారు. పిల్లలు బిలబిలా బయటికొచ్చారు, ఆ గుంపులో ఇనప ఫ్రేము మెరుస్తూ కనిపించింది. పిచ్చుక మొహం వాడిపోయి ఉంది.

"ఎలా రాశావమ్మా?"

"చివర్లో రెండు లెక్కలు చెయ్యలేదు నాన్నా."

"అయ్యో, అద్దం జరిగిందా? కనిపించలేదా?"

"కనిపించాయి. ప్లస్సులు, మైనస్సులు అన్నీ కనిపించాయి." పిచ్చుక ముక్కు మీద ఫ్రేమ్ పైకి తోసుకుంది. "రాలేదంతే."

ఒక్క క్షణం ఆయనకు అర్థం కాలేదు. ఇన్నేళ్లూ చూపు సంగతి దాచిన పిల్ల, రానిది రాలేదని ఈసారి భయపడకుండా తనకే చెప్పింది. కూతురి చెయ్యి పట్టుకుని, "రాకపోతే నేర్చుకుందాంలే" అన్నాడు. అని, అందరూ చూస్తుండగా ఆ గేటు ముందే మళ్లీ ఏడ్చాడు.