అల్లుడి అలకలో పోయిన ఆరుగురు

అక్క పెళ్ళిలో బావ అలిగాడు. అలగడం ఆచారం. బంతిలో కొత్త అల్లుడు విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఆడపెళ్ళివారు బతిమాలాలి, ఏం కావాలో అడగాలి, అడిగింది చేతిలో పెట్టాలి. అప్పుడే ముద్ద కలుపుతాడు. దానికోసం అమ్మ ఒక ఉంగరం కొంగున కట్టుకుని సిద్ధంగానే ఉంది.

పొద్దున్నుంచి ఆ నారాయణగూడ ఫంక్షన్ హాలంతా తిరిగి నీళ్ళ సీసాలు పంచింది నేను. అది ఒక్కరూ చూడలేదు. కాళ్ళు పీకి ఒక ఐదు నిమిషాలు కుర్చీలో కూలబడి వీడియో గేమ్ మిషన్ తీసినప్పుడు మాత్రం అందరూ చూశారు.

"ఏం గావాలె అల్లుడా, చెప్పుండ్రి," అంది అమ్మ కొంగు ముడి విప్పుతూ.

బావ హాలంతా ఒకసారి కలియజూసి నా వైపు వేలు చూపించాడు. "బామ్మర్ది చేతుల ఉన్నది గావాలె."

బంతి బంతంతా నవ్వింది. "అరె, బామ్మర్ది మొఖం జూడుండ్రి, పెండ్లిపిల్ల కంటే ఎక్కువ ఏడుస్తుండు," అని వెనక నుంచి ఒకాయన అన్నాడు. ఆయనెవరో నాకు తెలుసు. ఇప్పటికీ బజార్లో ఎదురైతే నమస్తే పెట్టను.

"ఇచ్చెయ్ రా," అంది అమ్మ.

"ఉంగరం ఉన్నది గదనే..."

"అల్లుడు నోరు తెరిచి అడిగితే లేదంటమా? పది మందిల పరువు తియ్యకు."

ఇచ్చాను. బావ దాన్ని విస్తరి పక్కన పెట్టుకుని పప్పన్నం కలుపుకున్నాడు. ఫొటోగ్రాఫర్ మిషన్‌ని ఫొటో తీశాడు. ఆల్బంలో దానికి సగం పేజీ ఉంది. నేను ఉన్న ఫొటోలు రెండు, ఒకదాంట్లో చెవి మాత్రమే కనిపిస్తుంది.

ఆ మిషన్‌లో ఏముందో చెప్పాలి. రాక్షస జంతువులను పెంచి, ఎదుటివాడి జంతువులతో పోరాడించే ఆట అది. ఒక్కొక్కరికి ఆరు ఉంటాయి. పోటీలో ముందు ఇద్దరూ తమ ఆరింటినీ ఒకరికొకరు చూపించుకుంటారు. అందులోంచి నాలుగింటిని ఎంచుకుని, రెండేసి చొప్పున దింపుతారు. ఆట తెలియనివాళ్ళు ఆరు బలమైనవాటిని ఏరుకుంటారు. అలా ఏరుకున్నవాళ్ళందరూ ఓడిపోతారు. ఎవడి లోటు ఎవడు పూడుస్తాడన్నది చూసుకోవాలి. ఆరుగురున్న ఇంట్లో ఆరుగురూ సంపాదించేవాళ్ళే అయితే పొయ్యి ఎవరు ముట్టిస్తారు?

నా ఆరింటిలో పెద్దది మంచు దున్న. అది కుమ్మితే ఎదుట ఉన్నది లేవదు. కానీ బద్ధకం. అది కదిలేలోపు అవతలివాడు రెండు దెబ్బలు వేస్తాడు. అందుకని దీపం దయ్యాన్ని పెంచాను. అది ఒక మంత్రం వేస్తే మైదానం తిరగబడి, నెమ్మదైనవే ముందు కదులుతాయి. అయితే ఆ మంత్రం వేసే ఒక్క వంతు దీపాన్ని కాపాడాలి, ఊదితే ఆరిపోయే రకం. దాన్ని కాపాడడానికి పుట్టగొడుగు. అది ఎవరినీ కొట్టదు. పక్కవాడికి రావలసిన దెబ్బలన్నీ తన మీదికి లాక్కుంటుంది, వీలైతే పొడి చల్లి అవతలివాణ్ణి నిద్రపుచ్చుతుంది. పుట్టగొడుగు దెబ్బలు తింటుంది, దీపం మంత్రం వేస్తుంది, దున్న కుమ్ముతుంది. మిగిలిన నక్క, తాబేలు, గద్ద ఉన్నది పై మూడింటికీ పడనివాళ్ళు ఎదురైతే చూసుకోవడానికి.

నేను కాచిగూడలో కరెంటు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు కొడతాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక, స్విచ్చి బోర్డుల అట్టపెట్టెల వెనక కూర్చుని ఆ ఆరింటినీ పెంచాను. పుట్టగొడుగు ఒక్కటే ఎంత సతాయించిందో. దెబ్బకు ఓర్చుకునే గుణంతో పుట్టాలి, తొందరపాటు ఉండకూడదు. ఈ ఆటలో పుట్టగొడుగైనా గుడ్డులోంచే పుడుతుంది, అలాంటిది పుట్టేదాకా గుడ్ల మీద గుడ్లు పొదిగించాను. నారాయణగూడ సందులో టిఫిన్ సెంటర్ పైఅంతస్తులో ఒక గేమ్ సెంటర్ ఉంది. అక్కడ ఏటా ఈ ఆటకు పోటీ పెడతారు. ఆ పోటీలో కూర్చోవాలని, ఒక్కసారి ఈ ఆరింటితో నేనే కూర్చోవాలని నా కోరిక. అంతకు ముందు ఏడాది గుంపులో నిలబడి చూసి వచ్చాను.

కొత్త మిషన్ కొనుక్కోరాదా అని చాలామంది అన్నారు. కొనుక్కోవచ్చు. నా ఆరుగురు పాతదాంట్లో ఉన్నారు. అందులోంచి కొత్తదాంట్లోకి రావాలంటే రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టి బావ ఒప్పుకోవాలి. ఒప్పుకొమ్మని అడగడం ఇచ్చినదాన్ని తిరిగి అడగడమే అంది అమ్మ. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

బావ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్లో అంకగణితం చెబుతాడు. ఇల్లు కూడా అక్కడే, హాస్టళ్ళ మధ్య. నాకంటే మూడేళ్ళు పెద్ద, అంతే. అయినా "మీరు" అనాలని అమ్మ ఆర్డరు. ఇదివరకు ఆదివారం మటన్ వండితే నల్లిబొక్క నా కంచంలో పడేది. ఇప్పుడు అడగకుండానే అల్లుడి కంచంలోకి పోతుంది. ఒకసారి ఆయన "నాకొద్దు అత్తమ్మా" అంటే గిన్నెలో పెట్టి మూత పెట్టింది, మళ్ళీ తింటాడేమోనని.

ఆదివారాలు అశోక్‌నగర్ పోయేవాణ్ణి. అక్కను చూడడానికని అందరూ అనుకున్నారు. అక్క అనుకోలేదు.

"నన్ను ఇచ్చినప్పుడు గింత బాధపడలే నువ్వు," అంది ఒకసారి ఛాయ్ ఇస్తూ.

"నువ్వు చిక్కడపల్లిల మనింటికి ఎప్పుడంటే అప్పుడు వస్తవు. గవి రావు గదా."

"మంచిగున్నది! దున్నపోతుకూ నాకూ పోలికా తమ్మీ?"

బావకు ఆట మీద మోజు పుట్టింది. కోచింగ్‌లో పిల్లలు కొందరు ఆడతారట, వాళ్ళతో ఆడి నా ఆరింటితో గెలిచేవాడు. గెలిచిన ప్రతిసారీ నాకు ఫోన్. తర్వాత ఒక ఆదివారం నారాయణగూడ పోటీకి పేరు ఇచ్చానన్నాడు. ఒక మిషన్‌కి ఒక్క పేరే.

నేను అక్క వైపు చూశాను. అక్క బావ వైపు చూసింది. "తమ్ముడు చానా రోజులసంది అనుకుంటుండు. గా ఒక్క దినం ఆని చేతికి ఇయ్యరాదుండ్రి?"

"అయ్యో, గట్ల ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు బావ. "పేరు నాది పడ్డది. ఏం కాదు, బామ్మర్ది నా వెనక నిలబడి చెప్తడు. గెలిస్తే ఇద్దరం గెలిచినట్టే."

ఒప్పుకోక ఏం చేయాలి? దుకాణం నుంచి నేరుగా అశోక్‌నగర్ పోయి నేర్పించాను. పుట్టగొడుగునూ దీపాన్నీ ఎప్పుడూ కలిపే దింపాలని చెప్పాను. ఆయన వినేవాడు, తల ఊపేవాడు. పుట్టగొడుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖం చిట్లించేవాడు.

"గిది ఒక్క దెబ్బ గూడ కొడ్తలేదు బామ్మర్ది."

"అది కొట్టేది గాదు బావ. దెబ్బలు పట్టేది."

"చూడు, మా దగ్గర పిల్లలకు గిదే చెప్త. వెయిటేజీ లేని చాప్టర్ పట్టుకుని కూసోవద్దు. ఒక్క మార్కు తెస్తలేని చాప్టర్‌కు గంత టైం ఎందుకు? పక్కకు పెట్టు, వచ్చే చాప్టర్‌ల మీద పడు, కటాఫ్ దాటుతవు."

"ఇది పరీక్ష గాదు బావ. గది లేకుంటే మిగిలినయి నడవయి."

"సరే సరే. నువ్వు పరేషాన్ గాకు."

సరే అన్నాడు. అక్క కూడా విన్నది. ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆయన అనలేదన్నాడు.

పోటీ రోజు టిఫిన్ సెంటర్ పక్క మెట్లెక్కి పోతే బావ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. వెనక ఆయన శిష్యులు, "సార్, సార్" అంటూ. ఆడేవాళ్ళ కుర్చీలకూ మాకూ మధ్య ఒక తాడు కట్టి ఉంది. మాట్లాడితే ఆడేవాణ్ణే తీసేస్తామని నిర్వాహకుడు ముందే చెప్పాడు. ఎవరి ఆరు ఏమిటో ముందు రాత్రే పంపించేశారు, ఇక మార్చడానికి లేదు. గోడ మీద పెద్ద తెరలో బావ ఆరు వరుసగా కనిపించాయి. దున్న, దీపం, నక్క, తాబేలు, గద్ద. ఆరోది రెక్కలున్న ఎర్ర డ్రాగన్.

పక్కనున్న శిష్యుణ్ణి అడిగాను, పుట్టగొడుగు ఏమైందని.

"డ్రాగన్ మేమే ఇచ్చినం అన్న, సార్‌కు. మస్తు పవర్. కిందటేడు గెలిచినాయన దగ్గర గూడ గిదే ఉండె."

మొదటి ఆట బావ గెలిచాడు. అవతలివాడు కొత్తవాడు. డ్రాగన్ నోరు తెరిచి అంతా కాల్చేసింది. శిష్యులు ఈలలు వేశారు. బావ వెనక్కి తిరిగి నన్ను చూసి కన్ను కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

రెండో ఆటలో ఎదుట డిగ్రీ కాలేజీ అమ్మాయి. బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. బావ ఆరింటినీ చాలాసేపు చూసింది. ఆమె ఏం చూస్తోందో నాకు అర్థమైంది. నేనైనా అదే చూసేవాణ్ణి. దీపానికి అడ్డం ఎవరూ లేరు.

బావ దీపాన్నీ డ్రాగన్‌నీ దింపాడు. ఆమె తన రెండింటితోనూ దీపాన్నే కొట్టింది. మంత్రం నోట్లో ఉండగానే దీపం పోయింది. ఆ స్థానంలో బావ దున్నను దింపాడు. మైదానం తిరగబడలేదు కాబట్టి దున్న అందరికంటే చివర కదలాలి. దాని వంతు రాకముందే దాని ప్రాణం సగానికి పడింది.

అప్పుడు బావ ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఈసారి కన్ను కొట్టలేదు. ఏం చేయాలని కనుబొమ్మలతో అడిగాడు.

ఏం చేయాలో నాకు తెలుసు. దున్నను వెనక్కి పిలిచి తాబేలును దింపాలి. తాబేలు ఆ దెబ్బ ఓర్చుకుంటుంది, దున్న తర్వాత పనికొస్తుంది. గెలుస్తామని కాదు. ఆట ఇంకా ఉంటుంది. ఆ మాట నా గొంతుదాకా వచ్చింది. నోరు కూడా తెరిచానేమో, నిర్వాహకుడు తాడు దగ్గరికి వచ్చి, "అన్నా, మాట్లాడొద్దు ప్లీజ్," అన్నాడు. చేత్తో తాబేలు నడక చూపిద్దామనుకున్నాను. చేతులు వెనక్కి పెట్టుకొమ్మన్నాడు. పెట్టుకున్నాను.

బావ కొంచెంసేపు నా ముఖం చూసి, తిరిగి దున్నతోనే కొట్టమన్నాడు. దున్న కొట్టే వంతు రాలేదు. అది పోయాక తాబేలు దిగింది. తర్వాత డ్రాగన్ పోయింది. ఒక్క తాబేలు ఎంతసేపు ఓర్చుకుంటుంది?

"సారీ అన్న," అంది ఆ అమ్మాయి బావతో, బ్యాగు భుజాన వేసుకుంటూ. "టీమ్ మంచిగనే ఉన్నది, దీపానికి ఒక తోడు ఉంటే కష్టమయ్యేది నాకు."

ఆ మాట ఆయనతో అంది. పక్కనే నేను ఉన్నాను.

రాత్రి అశోక్‌నగర్‌లో భోజనాలు. అమ్మ కూడా వచ్చింది. బావకు ఓడిన బాధ ఏ కోశానా లేదు, దాని గురించి జోకులు వేస్తూ తిన్నాడు. "మా బామ్మర్ది టీమ్ అత్తమ్మా, బామ్మర్ది లెక్కనే. ముందుకే కదలదు."

అమ్మ నవ్వింది. అది నేను మర్చిపోను.

"పుట్టగొడుగు ఏది బావ?" అన్నాను.

"జాగ లేకుండె, మిషన్ల జంతువుల పెట్టె నిండింది. వదిలేసిన."

ఈ ఆటలో వదిలేయడమంటే వదిలేయడమే. మళ్ళీ రాదు. ఎక్కడికి పోతుందో కూడా చూపించదు. చేయి ఊపినట్టు ఒక బొమ్మ వస్తుంది, అంతే. నమ్మలేక మిషన్ తీసుకుని అందులోని పెట్టెలన్నీ వెతికాను. బావ ఎవరెవరి దగ్గరో తీసుకున్న డ్రాగన్లు వరుసగా ఉన్నాయి. పుట్టగొడుగు లేదు.

"ఇంకోటి పెంచుకో రాదు బామ్మర్ది, గంత మొఖం ఎందుకు పెడ్తవు? ఇగో, మిషన్ నువ్వే తీస్కపో. నాకు మోజు తీరింది."

ఎంత తేలిగ్గా అన్నాడో. నా చేతిలోనే ఉంది అది. జేబులో పెట్టుకోబోయాను.

"వద్దు," అంది అమ్మ. "అలకల పెట్టింది మళ్ళ పుట్టింటికి మోస్తరా ఎవరన్న? బిడ్డ కాపురానికి మంచిది గాదు."

"నేనే ఇస్తున్న గదా అత్తమ్మా."

"మీరిస్తరు అల్లుడా, మీది పెద్ద మనసు. మేం తీస్కోవద్దు. పెట్టు రా అక్కడ."

అక్క ఏదన్నా అంటుందని చూశాను. అక్క కంచాలు ఎత్తుతోంది. ఆయనకు వద్దు, నాకు కావాలి, అయినా నేను తీసుకోకూడదు. దీంట్లో న్యాయం ఏమిటో ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు. అడిగితే, ఇంకా గదే పట్టుకుని ఉన్నవా అంటారు. ఫ్రిజ్ మీద పెట్టాను.

అది అక్కడే ఉంది. ఎవరూ ముట్టరు. బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. నారాయణగూడలో మళ్ళీ పోటీ బోర్డు కట్టారు, దుకాణానికి పోతూ వస్తూ చూస్తున్నాను. పోయిన ఆదివారం అశోక్‌నగర్ పోతే మిషన్ మీద ఉల్లిగడ్డల బుట్ట ఉంది. బుట్ట తీసి కింద పెట్టాను.

"గక్కడనే ఉండనీ తమ్మీ, కింద జాగ లేదు," అంది అక్క వంటింట్లోంచి.

మళ్ళీ దాని మీదే పెట్టాను.