మూడో పిలుపు

అల్ ఖర్జ్ దాటి దక్షిణానికి పోతే తారు రోడ్డు కాసేపటికే మనల్ని వదిలేస్తుంది. అక్కణ్ణుంచి అంతా ఇసుకే. మా కఫీల్‌కు, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న సౌదీ యజమానికి, ఆ ఇసుక లోపల ఒంటెల కొట్టం ఉంది. అక్కడి జనరేటరో నీళ్ళ మోటరో మొరాయించినప్పుడల్లా నేను పోవాలి. బండి నడిపేది హైదరాబాద్ పాతబస్తీ భాయ్. నాకంటే పెద్దవాడు. ఇసుక మొదలయ్యే చోట ఆగి, టైర్లలో సగం గాలి తీసేసి, బిస్మిల్లా అనుకుని గేరు వేస్తాడు. నేను తలుపు పైనున్న పిడి పట్టుకుని నోటికొచ్చింది తిడుతూ కూర్చుంటాను.

ఆ దారిలో యుద్ధ విమానాలు మాకు కొత్త కాదు. ముందు ఆకారం కనిపిస్తుంది. అది నెత్తి మీద నుంచి దాటిపోతుండగా చప్పుడు వచ్చి మీద పడుతుంది. అంత కిందికి వస్తాయి. భాయ్‌కి వాటిని చూస్తే పండగ. నడిపేది తన మేనల్లుళ్ళే అయినట్టు అద్దం దించి చెయ్యి ఊపుతాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. అంత ఆకాశం పెట్టుకుని మా బండి మీదికే రావాలా అని.

మొన్నటి వేసవిలో మా తమ్ముడు పోయాడు. పొద్దున్నే మోటరు వేయడానికి పొలం పోయి గట్టు మీదే కూలబడ్డాడట. గుండె ఆగిందన్నాడు డాక్టరు. వాడికి ఇద్దరూ ఆడపిల్లలు. తలకొరివి పెట్టాల్సింది నేనే. కఫీల్ తన ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే ఎగ్జిట్ రీఎంట్రీ వస్తుంది, ఇంటికి పోయి రావచ్చు. ఆయనేమో ఒంటెల దగ్గరికి పోయి కూర్చున్నాడు. అక్కడ ఫోన్ అందదు. ఆ రోజంతా ప్రయత్నించి, ఎలాగైనా వస్తా, దహనం ఆపండి అని ఇంటికి చెప్పి, తెల్లవారగానే భాయ్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

సగం దారిలో ఎత్తైన ఇసుక తిన్నె ఎక్కుతుండగా సిగ్నల్ తగిలి ఫోన్ మోగింది. మా చిన్నాయన. కరెంటు పోయి ఫ్రీజరు పెట్టె పనిచేయడం లేదని, ఈ ఎండకు ఇక ఆపలేకపోయామని, శవాన్ని లేపామని ఏడుస్తూ చెప్పాడు. దింపుడు కళ్ళం దగ్గర ఉన్నారు.

శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకచోట కిందికి దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని. ఎన్నికల్లో ఓడిపోయేవాణ్ణి చూసి దింపుడు కళ్ళం ఆశ అని ఎన్నిసార్లు నవ్వుకున్నామో. ఆ రోజు ఆ ఆశ నాకు నిజంగానే పుట్టింది.

"ఫోన్ వాని చెవుకాడ పెడుతున్న. నువ్వే పిలువాలె," అన్నాడు చిన్నాయన.

భాయ్ ఇంజను ఆపాడు. నేను దిగి ఇసుకలో నిలబడ్డాను. అవతల డప్పు ఆగింది.

"తమ్మీ," అన్నాను. రెండోసారీ పిలిచాను. మూడోసారికి ఊపిరి తీసుకుంటుండగా తిన్నె అవతల నుంచి రెండు ఆకారాలు లేచాయి. నోరు తెరిచాను, పిలిచాను కూడా. నా పిలుపు నాకే వినిపించలేదు. కాళ్ళ కింద ఇసుక అదిరింది.

అవి పోయాక ఫోన్లోంచి కేకలు. పలికిండు, పలికిండు అని తమ్ముడి పెళ్ళాం, మా మరదలి గొంతు. ఆమె వాడి మొహం మీదికి వంగి ఉందట. చెవి దగ్గర పుట్టిన చప్పుడు వాడి గొంతులోంచే వచ్చిందనుకుంది. ఎవరో నీళ్ళు చల్లమంటున్నారు, ఎవరో కట్లు విప్పమంటున్నారు, ఛాతీ నొక్కమంటున్నారు. విమానాలను కళ్ళారా చూసినవాణ్ణి, నేనూ నమ్మాను. తమ్మీ, తమ్మీ అని పిచ్చివాడిలా అరిచాను. భాయ్ నా భుజం పట్టుకుని, ఆకాశం వైపు చూపించి, తల అడ్డంగా ఊపాడు. వాళ్ళకు చెప్పెయ్యి అన్నాడు. ఆయన్ని కొట్టబోయాను.

అంతలో కేకలు సన్నగిల్లాయి. ఫోన్ మరదలు తీసుకుంది.

"బావా, నీ పిలుపుకు పలికిండు. ఇంకొక్కసారి పిలువు," అంది.

ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే నన్ను చంపేసింది. ఇంకోసారి పిలవొచ్చు. పిలిస్తే ఆమె మళ్ళీ చెవి ఒగ్గుతుంది. పాడె ఆ ఎండలో అక్కడే ఉంటుంది, ఎవరినీ ఎత్తనివ్వదు. నిన్న డాక్టరు చెప్పాడు, ఊళ్ళో పెద్దలు చెప్పారు. ఆమె ఎవరి మాటా నమ్మలేదు. నా మాట నమ్ముతుంది.

"అది వాడు గాదు బిడ్డా," అన్నాను. "నా నెత్తి మీదికెళ్ళి విమానాలు పోయినయి."

అవతల డప్పు మళ్ళీ మొదలైంది.