పదో రోజు వంట

తెలుగు అరుదుగా వినిపించే ఈ దేశంలో, తన్లిన్ నుంచి తామ్వే వెళ్ళే బస్సులో, నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని పక్కనున్న పెద్దావిడ పలకరించింది. ఆవిడ బుట్టనిండా రొయ్యలు, గోంగూర, అరటికాయలు. ఇంట్లో ఏదో శుభకార్యం అనుకుని అడిగాను.

"రేపు మా కొడుకు పోయిన పదో రోజు బాబూ. ఆడికిష్టమైనవన్నీ వండెట్టాల. మద్దేనం మాత్రం పోర్టుకాడ టీకొట్లో తినీవోడు. అక్కడ ఏటి తినీవోడో నానెప్పుడూ అడగనేదు."

నా వైపు తిరిగింది. "నీదీ ఆడి ఈడే. టీకొట్లో మీరేటి తింటారు?"

చేపల పులుసులో సేమ్యా వేసిచ్చే మొహింగా అన్నాను. అది నాకిష్టం. ఎక్కడ బాగుంటుందో కూడా అడిగి, తన స్టాపు రాకముందే ఆ కొట్టు దగ్గర దిగిపోయింది.

ఆ అబ్బాయికి మొహింగా నచ్చేదో లేదో నాకిప్పటికీ తెలియదు.