మరమనిషి మోకాలి కోసం సిరిసిల్ల దాకా

నేను జగిత్యాలలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. పన్నెండేళ్లుగా అదే పని. నాకున్న ఇంకో పిచ్చి జపాన్ వాళ్ల బొమ్మల సిరీస్‌లు, అందులోనూ మెకాలు. అంటే మనిషి లోపల కూర్చుని నడిపే, మూడంతస్తుల ఎత్తుండే మరమనుషుల కథలు. అన్నీ చేత్తో గీసిన కాలం నాటి ఒక పాత సిరీస్‌ను ఇష్టపడేవాళ్లం ముప్పై మంది దాకా ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. వంతెనలు కట్టడానికి చేసిన ఒక నీలిరంగు యంత్రాన్ని యుద్ధానికి పంపితే ఏమవుతుందన్నది అందులో కథ. మేము కథ గురించి మాట్లాడుకునేది తక్కువ. దాని భుజాలు ఎందుకంత వెడల్పు, ఏ భాగం ఎవరి చేతి గీత, ఒకే దృశ్యాన్ని ఎన్నిసార్లు మళ్లీ వాడుకున్నారు, ఇవే మా చర్చలు. ఆ గ్రూపులో నేను రాసిన ఒక్క వాక్యం వల్లే ఈ ప్రయాణం చేయాల్సి వచ్చింది.

సిరీస్ సగానికి వచ్చేసరికి ఆ యంత్రం మోకాలు మారిపోతుంది. మొదటి భాగాల్లో మోకాలికి రెండు ఇరుసులు, వాటిపైన జారే ఒక రేకు, రేకు అంచున నాలుగు బోల్టులు కనిపిస్తాయి. తర్వాత రేకు లేదు, బోల్టులు లేవు, ఇరుసు ఒక్కటే. నేను రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి పెద్ద వ్యాసం రాశాను. టైం చాలక స్టూడియోవాళ్లు చూసేవాళ్లను మోసం చేశారని తేల్చాను. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే లక్ష్మీరాజం అనే సభ్యుడు ఒప్పుకోలేదు. సెకనుకు ఎనిమిదో పన్నెండో బొమ్మలు చేత్తో గీయాలి కదా, ఒక్కో బొమ్మలో నాలుగు గీతలు తగ్గితే ఆ చెయ్యికి నడక మీద మనసు పెట్టే తీరిక దొరుకుతుంది, ఇది ఆలోచించి చేసిన పనే అని రాశాడు. నా వ్యాసాన్ని అందరూ మెచ్చుకుంటున్న సమయంలో ఆ మాట నాకు గుచ్చుకుంది. "సాంచలు రిపేర్ చేసేటోళ్లు డ్రాయింగ్ గురించి మాట్లాడితే గిట్లనే ఉంటది" అని జవాబిచ్చాను. సాంచ అంటే మా వైపు మరమగ్గం. గ్రూపులో నా విద్యార్థులు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు. లక్ష్మీరాజం ఆ మధ్యాహ్నమే గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

రెండు నెలలు నేను దాన్ని మరిచిపోయినట్టే ఉన్నాను. పోయిన నెల క్లాసులో ఒక పిల్ల తప్పుగా కొలత వేస్తే, వెనక బెంచీ వాడు "ఐటీఐల నుంచి అచ్చింది మేడం, దానికి డ్రాయింగ్ ఏం తెలుస్తది" అన్నాడు. ఆ పిల్ల తల దించుకుని గీత చెరిపేసింది. వాణ్ని తిట్టబోయి, బోర్డు వైపు తిరిగి సరైన కొలత వేశాను. వాడన్నది నా వాక్యమే. ఆ గ్రూపులో వాడూ ఉన్నాడు.

రెండో శనివారం సెలవు చూసుకుని బయలుదేరాను. ముందు కోరుట్ల వెళ్లాలనుకున్నాను. మా గ్రూపు సభ్యుడు గంగాధర్ అక్కడ ఫ్లెక్సీల షాపు నడుపుతాడు, లక్ష్మీరాజం ఇల్లు ఎక్కడో తెలిసింది అతనికే. జగిత్యాల బస్టాండ్‌లో ఉదయం ఎనిమిదింటికి ఆర్డినరీ బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, మగవాళ్లకు నలభై యాభై రూపాయలు అవుతుంది. ముప్పావుగంట ప్రయాణం. దారి పొడవునా రోడ్డుకు ఒక పక్క మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉండటంతో డ్రైవర్ సగం దూరం రెండో పక్కనే నడిపాడు. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా బస్సు ఆపి, లారీ పోయాక కదిలేవాడు. ఆలస్యమవుతోందని ఎవరో గొణిగితే, మక్కల మీదికెళ్లి నడిపితే ఎవరికి నష్టమో నువ్వే చెప్పమని అడిగాడు. 

గంగాధర్ ఎనిమిదేళ్లు దుబాయ్‌లో బోర్డులు రాసే కంపెనీలో పనిచేసి వచ్చాడు. అక్కడ పాత పుస్తకాల దుకాణంలో మా సిరీస్ తయారీకి వాడిన బొమ్మల పుస్తకం ఒకటి కొన్నాడని అందరికీ తెలుసు గానీ, ఎవరూ చూడలేదు. కొత్తగా పనిలోకి వచ్చిన ఆర్టిస్టు కూడా యంత్రాన్ని ఒకేలా గీయడానికి ముందు, పక్క, వెనక వైపుల నుంచి చూపించే షీట్లు అందులో ఉంటాయి. అతని భార్య ఇచ్చిన సర్వపిండి తింటుంటే గంగాధర్ ప్లాస్టిక్ కవర్లోంచి ఆ పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. పాత మోకాలి పేజీలో బోల్టుల మీద ఎర్ర పెన్సిలుతో కొట్టివేతలు. పక్కన జపనీస్‌లో రెండు మూడు చేతిరాత ముక్కలు కూడా అచ్చయి ఉన్నాయి. ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చేయించాం. మూడుసార్లు మూడు రకాలుగా వచ్చింది. అన్నిటినీ కలుపుకుంటే తేలింది ఇది: ఇకనుంచి మోకాలి రేకు గీయవద్దు, సమయం లేదు, కానీ పాదాల బరువు తగ్గించవద్దు.

ఆ చివరి ముక్కను మళ్లీ చదివాను. టైం లేదన్న నా మాట నిజమే. కానీ మొత్తం సిరీస్‌ను నాలుగుసార్లు చూసిన నేను చివరి భాగాల్లో పాదాలు ఎట్లా గీశారో ఒక్కసారీ పట్టించుకోలేదు. గంగాధర్ ఫోన్‌లో ఒక దృశ్యం పెట్టాడు. యంత్రం తడి మట్టిలో అడుగు వేస్తుంది. మడమ దిగబడుతుంది, మట్టి పక్కలకు పొంగుతుంది, ఒక క్షణం ఆగి ఒళ్లంతా ఆ కాలి మీదికి వస్తుంది. మొదటి భాగాల్లో అంత బరువైన అడుగు లేదు. మోకాలి దగ్గర మిగుల్చుకున్న శ్రమ అంతా అక్కడ పెట్టారు.

లక్ష్మీరాజం బాగా బాధపడ్డాడా అని అడిగాను. గంగాధర్ పుస్తకం కవర్లో సర్దుతూ చెప్పాడు. "తిట్టినందుకు కాదక్కా. ఆయన ఇనుముతోని గా మరమనిషి కాలు తయారు చేస్తుండె. మీరు గా మాట అన్నంక ఇడిసిపెట్టిండు. నాకెందుకు ఇయన్ని అన్నడు." పుస్తకం నా చేతికిచ్చి, ఆయనకు చూపించి నెమ్మదిగా పంపించమన్నాడు. దుబాయ్ నుంచి బట్టల మధ్య దాచి తెచ్చుకున్న పుస్తకం అది.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు నేరుగా బస్సు కోసం కూర్చోవద్దు. కథలాపూర్ మీదుగా వేములవాడ వెళ్లే బస్సు పదకొండుకు దొరికింది, గంటన్నర పట్టింది. వేములవాడలో దిగి షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయలకు అరగంటలోపు సిరిసిల్ల. నేను ఒంటిగంటకల్లా చేరాను. గంగాధర్ చెప్పిన చోట ఆటో దిగితే, అక్కడ ఒకావిడ రేకుల కింద జొన్నరొట్టెలు చేస్తోంది. రెండు రొట్టెలు, పప్పు, పచ్చిపులుసు అరవై రూపాయలు. కడుపు నిండింది. మగ్గాలు బాగుచేసే లక్ష్మీరాజం అని అడిగితే, రొట్టె తిప్పుతూనే, "మరమనిషిని చేసే రాజమా, గా సందుల మూడో షెడ్డు. ఇప్పుడు చేస్తలేడు గని" అంది. ఊరికంతా తెలిసిన పనిని నేను ఆపించానన్నమాట. 

షెడ్డులో పదహారు సాంచలు ఒకేసారి నడుస్తున్నాయి. ఆ చప్పుడు చెవుల్లో కంటే పళ్లలో ఎక్కువ తెలుస్తుంది. యాభైకి దగ్గరగా ఉన్న సన్నటి మనిషి ఒక సాంచ పక్కన గొంతుకూర్చుని పానాతో బోల్టు బిగిస్తున్నాడు. గ్రూపులో ఫోటో చూసి ఉన్నాను కాబట్టి గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు, లేచి నిలబడ్డాడు. దారంతా కూర్చుకున్న మాటలు నోట్లోంచి ఒక్కసారే వచ్చేశాయి. "నేను రాసింది తప్పు అన్నా, మాఫ్ చెయ్యి" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. ఆయన అరచెయ్యి ఒకసారి అటూ ఇటూ తిప్పి, మళ్లీ కూర్చుని ఆ బోల్టు పూర్తిగా బిగించాడు. వినిపించలేదనుకున్నాను. పని అయ్యాక బయటకు వచ్చి టీ చెప్పాడు. నేను మళ్లీ మొదలుపెట్టబోతే ఆపాడు.

"లోపల్నే తెలిసింది మేడం. సాంచల నడుమ మేం చెవులతోని వినం, మూతి చూస్తం" అన్నాడు. టీ గ్లాసు నా చేతికిచ్చాడు. "మీరు గింత దూరం అచ్చిన్రు, మంచిగనిపించింది. గని అన్నది నల్గురి ముంగట. మాఫీ మాత్రం ఒక్కని ముంగట అడుగుతున్నరు."

 గ్రూపులో నా విద్యార్థులున్నారనీ, మేడం తప్పు చేసింది అని వాళ్లు చదివితే రేపు క్లాసులో ఎట్లా నిలబడాలనీ నాలో లెక్కలు నడుస్తున్నాయి. ఆయన నన్ను తొందరపెట్టలేదు. నా చేతిలోని పుస్తకం వైపు చూసి, అది చూపిస్తారా అని అడిగాడు.

ఇల్లు షెడ్డు వెనకే. వరండా మూలన పాత దుప్పటి తీస్తే నా నడుమెత్తు కాలు ఒకటి కనిపించింది. తుక్కు కింద అమ్మేసిన సాంచల ఇనుముతో చేశాడు. పక్కన రెండు మోకాళ్లు విడిగా ఉన్నాయి, ఒకటి పాత డిజైన్, ఒకటి కొత్తది. పాతదాన్ని నా చేతికిచ్చి వంచమన్నాడు. సగం వంగి, రేకు తొడవైపు ముక్కకు తగిలి ఆగిపోయింది. "నేను ఏడో తరగతి దాకనే సదివిన. గీసుడు రాదు. గని ఏది ఎక్కడ రాసుకుంటదో చెయ్యికి తెలుస్తది" అన్నాడు. కొత్త మోకాలు సాఫీగా వంగింది. అయితే దాన్ని కాలికి బిగించి మోకరిల్లబెడితే కాలు ముందుకు బోర్లా పడిపోతోంది. గ్రూపు విడిచిపెట్టే ముందు రెండు వారాలు అక్కడే ఆగిపోయాడట.

పుస్తకంలో పక్కవైపు నుంచి గీసిన షీటు తెరిచాను. ఇరుసు కాలి మధ్యలో లేదు, కొంచెం వెనక్కి ఉంది. నా చర్చలన్నిటిలోనూ నేను ముందువైపు బొమ్మలే పోల్చాను. ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, కాలిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ గీసి, బరువు ఎక్కడ పడుతుందో, ఇరుసు ఎంత వెనక్కి జరపాలో వేశాను. ఆయన నా భుజం మీదుగా చూస్తూ, ఇక్కడ ఇంత సన్నగా ఉంటే ఇనుము ఆగదని వేలు పెట్టాడు. చెరిపి లావు చేశాను. అట్లా గంటన్నర గడిచింది.  కొత్త చిల్లు వేయడానికి డ్రిల్లు షెడ్డులో ఖాళీగా లేదు, అందుకని ఆ రోజు కాలు నిలబడటం నేను చూడలేదు. అనువాదంలోని పాదాల మాట చదివి వినిపిస్తే మాత్రం రెండుసార్లు చదివించుకుని, "టైం లేకున్నా ఏది ఇడవద్దో వాళ్లకు ఎరికే" అన్నాడు.

నాలుగింటికి సిరిసిల్లలో కరీంనగర్ బస్సు ఎక్కాను. తిరుగు ప్రయాణానికి ఈ దారే మేలు, కరీంనగర్ నుంచి జగిత్యాలకు బస్సులు వెంటవెంటనే ఉంటాయి. కిటికీ పక్కన కూర్చుని గ్రూపు తెరిచి రాయడం మొదలుపెట్టాను. మొదట పెద్దగా రాశాను, అందులో సగం నన్ను నేను సమర్థించుకోవడమే. చెరిపేశాను. చివరికి మిగిలింది నాలుగు వరుసలు. లక్ష్మీరాజం అన్న చేసే పనిని చులకన చేస్తూ నేను రాసిన వాక్యం తప్పు, దానికి నవ్వినవాళ్లకు ఆ నవ్వు నేర్పింది నేనే, మోకాలి విషయంలో ఆయన చూసింది నేను చూడలేదు, పుస్తకంలోని పేజీ ఇదిగో. పంపేశాను.  మల్యాల క్రాస్‌రోడ్ దాటాక నా విద్యార్థి ఒకడు, అయితే మీ వ్యాసం తప్పా మేడం అని అడిగాడు. సగం తప్పు, నేను అన్న మాట పూర్తిగా తప్పు అని రాశాను. ఏడున్నరకు ఇల్లు చేరాను.

సోమవారం క్లాసులో వెనక బెంచీ వాడు తనంతట తానే వెళ్లి ఆ పిల్లతో ఏదో మాట్లాడాడు. ఏమన్నాడో నేను అడగలేదు. లక్ష్మీరాజం నాలుగు రోజులు గ్రూపులోకి రాలేదు. ఐదో రోజు గంగాధర్ చేర్చాడు.  చేరగానే ఆయన వరండాలో మోకాలు నేలకానించి నిలబడ్డ ఇనుప కాలు ఫోటో పెట్టాడు. దాని కింద నేను గీసిన కాగితం ఫోటో, ఒక గీత మీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి ఉంది. "గీ మూడో గీత అక్కెర లేదు మేడం" అని రాశాడు. చూశాను. నిజంగానే అక్కర్లేదు.

ఇష్టమైన బొమ్మలను ఎవరు ఎంత బాగా గమనిస్తారన్నది చదువును బట్టి ఉంటుందని నేను ఇన్నేళ్లూ నమ్మాను, పిల్లలకూ తెలియకుండానే అదే నేర్పాను. ఎప్పుడో ఎక్కడో టైం చాలని ఒక ఆర్టిస్టు ఏది వదలాలో, ఏది వదలకూడదో ఎంచుకున్నాడు. అతను వదిలినదాన్ని నేను చూశాను, ఉంచినదాన్ని లక్ష్మీరాజం చూశాడు. రోజూ బరువును చేతుల్లో మోసే మనిషికి అది తెలియడంలో వింత ఏముంది. ఆయనకు నేను చేసిన అవమానం నాలుగు వరుసలతో పోయిందని అనుకోవడం లేదు. మళ్లీ వెళతాను, రెండో కాలు మొదలుపెట్టాడట.

మీలో ఎవరైనా సిరిసిల్ల షెడ్డులు చూడటానికి వెళితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సాంచల చప్పుడులో గొంతు చించుకోకండి. ఎదుటి మనిషికి మీ ముఖం పూర్తిగా కనబడేలా నిలబడి, మామూలుగా, నెమ్మదిగా మాట్లాడండి. అర్థమవుతుంది.