నూనె తల

ఉప్పునీళ్లలో నానిన స్పాంజి వాసన. ఆదోనిలో మా నొప్పుల క్లినిక్ తలుపు తీయగానే మొదట తగిలేది అదే. దానికి సీకాయ వాసన కూడా తోడైతే నాకు డాక్టర్ సుభద్రమ్మ గుర్తొస్తారు. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. నాకు ఈ పని నేర్పింది ఆమే.

ఏళ్ల తరబడి ఒళ్లంతా నొప్పి, పరీక్షల్లో మాత్రం ఏమీ కనిపించదు. ఆ జబ్బును ఫైబ్రోమయాల్జియా అంటారు. కోత, సూది లేకుండా తలకు రెండు తడి స్పాంజీలు కట్టి, సన్నటి కరెంటు ఇరవై నిమిషాలు పంపుతాం. కొందరికి నొప్పి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గకపోవచ్చన్న మాట కూడా మేడమ్ ముందే చెప్పేవారు.

పెద్దకడుబూరు నుంచి లక్ష్మిదేవి అనే పత్తి కూలి వచ్చేది. ఒళ్లొంగక, లేని నొప్పి ఉందని యాసాలు వేస్తోందని అత్త తిట్టేదట. పది రోజుల్లో గుణం కనిపించకపోతే ఇక పంపనని మొగుడు చెప్పేశాడు. మూడో రోజు ఆమె తలకు నిండా నూనె పెట్టుకుని, బిగించిన జడతో వచ్చింది. మా వైపు నూనె లేని తలతో ఆస్పత్రికి పోతే ఇంటికే నామోషీ. నూనె ఉంటే కరెంటు సరిగా దిగదు. నేను నోరు పారేసుకున్నాను.

"ఎన్నిసార్లు సెప్పల్ల? పో, తలకు పోసుకోని రేపు రా."

ఆమె లేచింది. గడప దగ్గర మేడమ్ ఆపారు.

"నూనె ఎవురు పెట్టినారమ్మా?"

"మా అత్త. నా సేతులు తలకాడికి లేస్తే గదా మేడమ్."

మేడమ్ నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. "మేరీ, నీళ్లు కాంచు" అన్నారు నాతో. పెరట్లో కుళాయి దగ్గర ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కొంగు దోపుకుని, సీకాయతో తనే తల రుద్దారు. నేను చెంబుతో నీళ్లు పోశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నీ సేతులు లేయవని మీ అత్తకు తెలుసు. అందుకే తనే పెట్టింది. రేపు ఆమెను గూడా పిల్సుకోని రా" అన్నారు మేడమ్.

మర్నాడు అత్త వచ్చింది. కోడలి తల ఆరీ ఆరకుండా ఉంది.

"నేనే తలకు పోసినా. సరిపోతాదేమో సూడు తల్లీ" అంది నాతో. ఆ తర్వాత యాసాలన్న మాట ఆమె నోట మేము వినలేదు. పది రోజుల గడువు మాటా ఎవరూ ఎత్తలేదు.

నెల దాటాక లక్ష్మిదేవి వంకర పాపిడితో వచ్చింది.

"నొప్పి ఉండాది మేడమ్. ఈ పొద్దు మాత్రం జడ నేనే ఏసుకున్యా."

మేడమ్ పోయిన ఏడాది కన్నుమూశారు. నూనె తలతో ఎవరైనా వస్తే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. దాన్ని మింగి, "నూనె ఎవురు పెట్టినారమ్మా?" అని అడిగి, నీళ్లు కాంచడానికి పోతాను.