మాట్లాడినవాళ్ళ పేర్లు

నేను బాపట్లలో రాజనీతిశాస్త్రం చెబుతాను. జనం నోరు నొక్కేసే ప్రభుత్వాల పాఠం రాగానే పిల్లలు, "మేడమ్, అలాంటి దేశం ఎప్పుడైనా చూశారా అండి?" అని అడుగుతారు. పాస్‌పోర్టు కూడా లేనిదాన్ని. అయినా చూశాను. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూలు ఆరో తరగతి గదిలో ఏడాది పాటు బతికాను. పైగా అక్కడ నేనే పోలీసుని.

ఆఖరి పీరియడ్‌లో లెక్కల సారు టీకి వెళ్తూ నా చేతికి సుద్దముక్క ఇచ్చేవారు. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం క్లాసు లీడర్ పని. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు, దానికి ఇంకో దెబ్బ. అబ్బో, ఆ సుద్దముక్క పట్టుకుంటే ఎంత గొప్పగా ఉండేదో! నన్ను "ఒసేయ్" అని పిలిచే మగపిల్లలు కూడా "లీడరుగారండీ" అనేవాళ్ళు. జామకాయ ముక్కలు, రేగుపళ్ళు నా బల్ల మీదికి వచ్చి పడేవి. నేను ఎంచక్కా తినేదాన్ని.

ఒకరోజు ఎవరూ మాట్లాడలేదు. బయట వాన, లోపల కరెంటు లేదు, అందరూ కునికిపాట్లు పడుతున్నారు. సారు వచ్చి ఖాళీ బోర్డు చూశారు.

"ఏంటి, నలభైమందిలో ఒక్కరూ నోరు తెరవలేదా?"

"లేదండి సార్."

"అంటే నువ్వూ వాళ్ళతో కుమ్మక్కయ్యావన్నమాట. చెయ్యి చాపు."

నిజం చెప్పినందుకు రెండు దెబ్బలు. అదీ అందరి ముందూ! మర్నాడు కూడా క్లాసు నిశ్శబ్దంగానే ఉంది, ఖర్మ. సుద్దముక్క పట్టుకుని బెంచీ బెంచీ వెతికాను. ఎవరి పేరు రాయను? ఒకడి పేరు రాస్తే వాళ్ళ నాన్న స్కూలుకొచ్చి గొడవ చేస్తాడు. ఇంకొకడు దారికాచి జడ లాగుతాడు. చివరికి ముందు బెంచీలో బుద్ధిగా లెక్క చేసుకుంటున్న నా ప్రాణస్నేహితురాలి పేరు రాశాను. ఇద్దరం రోజూ వేమూరు నుంచి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం.

"మాట్లాడావా?" అన్నారు సారు.

ఆమె బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. "మాట్లాడానండి" అని చెయ్యి చాపింది.

"ఇదీ లీడరంటే!" అని సారు నన్ను మెచ్చుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు సంతోషమే కలిగింది.

సాయంత్రం బస్సులో ఆమె ఎప్పటిలాగే నాకు కిటికీ పక్క చోటు ఇచ్చింది. ఆమె అరచెయ్యి ఇంకా ఎర్రగానే ఉంది.

"ఎందుకే ఒప్పుకున్నావు?"

"లేదంటే నిన్ను కొడతారు కదే" అంది.

నేను భోరుమన్నాను. ఇంకెప్పుడూ రాయనని అమ్మ మీద ఒట్టు వేశాను. మనస్ఫూర్తిగానే వేశాను.

మర్నాడు సారు టీకి వెళ్ళారు. క్లాసులో చప్పుడు లేదు. ఈసారి నేను బెంచీలు వెతకలేదు. కాదనని మనిషి ఎవరో తెలిసిపోయింది కదా, ఆమె పేరే రాశాను.